గుండె దడ నుంచి సీబీటీ దాకా: మానసిక పరీక్షలు, థెరపీ, ఇంట్లోవాళ్ళ పని

ఛాతీ పట్టేసినట్టుంది, గుండె దడదడలాడుతోంది, ఊపిరాడటం లేదు అని ఒక మనిషి చెప్పగానే మన ఇళ్ళల్లో జరిగే వరుస దాదాపు ఒకటే. ముందు గ్యాస్ అంటారు. మాత్రతో తగ్గకపోతే ఈసీజీ, ఆ తర్వాత టూడీ ఎకో. అన్నీ నార్మల్ అని డాక్టర్ చెప్పాక దిష్టి తీయించడం, గుడికి వెళ్ళి రావడం. వీటిని నేను తప్పుపట్టను, పెద్దవాళ్ళ మనసుకీ కాస్త ఊరట కావాలి. కానీ రిపోర్టులన్నీ బాగుండి మనిషి మాత్రం బాగోనప్పుడు వెళ్ళాల్సిన దారి ఇంకొకటుంది. సరైన మానసిక పరీక్ష, ఆ తర్వాత కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే అందరూ సీబీటీ అనేది. ఆ దారి మన వరుసలో అన్నిటికన్నా చివరికి పోతోంది.

సీబీటీకి రూపం ఇచ్చినవాళ్ళలో ముఖ్యుడు అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్. 1960లలో ఫిలడెల్ఫియాలో డిప్రెషన్ రోగులతో పనిచేస్తూ, వాళ్ళ మనసులో క్షణాల్లో మెరిసిపోయే ఆలోచనలే వాళ్ళ మూడ్‌ని కిందికి లాగుతున్నాయని గమనించాడు. ఆ ఆలోచనల్ని పట్టుకోవడం, అవి ఎంతవరకు నిజమో పరీక్షించడం, దాన్నిబట్టి చేసే పనుల్ని మార్చడం. పద్ధతి మొత్తం ఇంతే. చెప్పడానికి తేలిక, చెయ్యడానికి మాత్రం కూర్చుని రాసుకునే ఓపిక కావాలి.

కింద చెప్పేవన్నీ సులువుగా అర్థం కావడానికి ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. రవి, వయసు 27, ఇల్లు మియాపూర్, ఆఫీసు అమీర్‌పేట. మెట్రోలో ఒకసారి విపరీతమైన దడ వచ్చింది. అప్పట్నుంచి అది మళ్ళీ మళ్ళీ వస్తోంది, మెట్రో ఎక్కబోయి ఆగిపోయి క్యాబ్‌లో తిరుగుతున్నాడు. ఇంట్లో భార్య స్వాతి, అమ్మ ఉన్నారు.

ముందుగా: ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన సందర్భాలు

చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, ఎవరికీ వినపడని మాటలు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుతో ఉన్నా, రోజూ తాగే మనిషి మందు ఆపగానే వణుకు మొదలైనా ఈ గైడ్ పక్కన పెట్టండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అర్ధరాత్రి అయితే 14416కి ఫోన్ చెయ్యొచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

మొదటి మెట్టు: ఒంటి సంగతి తేల్చుకోవడం, రెండు వారాలు రాసుకోవడం

థైరాయిడ్ ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు వస్తాయి. తక్కువైతే మనిషి నీరసంగా, దిగులుగా ఉంటాడు. రక్తహీనత, బీ12 లోపం కూడా డిప్రెషన్ లాగే కనిపించగలవు. కాబట్టి జనరల్ ఫిజీషియన్ దగ్గర ఒకసారి చూపించుకోవాలి. ఒక్కసారి చాలు. మొదటి ఈసీజీ బాగుందని తెలిశాక కూడా నెలకొకటి తీయించుకుంటూ పోతే అది వైద్యం కాదు, భయానికి మేత.

అదే సమయంలో ఒక చిన్న నోటుబుక్కులో రోజుకి నాలుగు ముక్కలు రాయండి. ఎప్పుడు వచ్చింది, ఎక్కడున్నారు, ఎంతసేపు ఉంది, అప్పుడు ఏం చేశారు. నిద్ర ఎన్ని గంటలు, కాఫీ ఎన్నిసార్లు అన్నవి కూడా. మొదటి సెషన్‌లో "ఎప్పట్నుంచి ఉందండీ?" అని అడిగితే "చాన్నాళ్ళ నుంచి" అనే జవాబుతో ఎవరూ ఏమీ చెయ్యలేరు.

రెండో మెట్టు: ఎవరి దగ్గరికి వెళ్ళాలి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు చేస్తారు, థెరపీ ఇస్తారు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. కౌన్సెలర్ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకుంటున్నారు. వాళ్ళలో చాలా మంచివాళ్ళూ ఉన్నారు, వారాంతపు కోర్సు సర్టిఫికెట్ గోడకి తగిలించినవాళ్ళూ ఉన్నారు.

డబ్బు ఇబ్బంది ఉంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. చాలా జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం పనిచేస్తుంది. "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలిరా" అనే జోకు తరతరాలుగా వింటున్నాం కనుక ఆ పేరు చెప్పగానే ఇంట్లో గొడవ మొదలవుతుంది. అక్కడి ఓపీకి రోజూ వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళే.

పెళ్ళి సంబంధాల దగ్గర బయటపడుతుందేమోనన్న టెన్షన్ గురించి కూడా చెప్పాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. తన రికార్డులు తాను అడిగి తీసుకునే హక్కు కూడా ఉంది. మేనమామ ఫోన్ చేసి అడిగినా ఆసుపత్రివాళ్ళు చెప్పకూడదు.

మూడో మెట్టు: పరీక్ష

"సైకలాజికల్ టెస్ట్" అనగానే చాలామందికి సినిమాల్లో చూపించే ఇంకు మరకలు గుర్తొస్తాయి. 1921లో వచ్చిన ఆ రోర్షాక్ పరీక్షలో పది కార్డులుంటాయి. రవి లాంటివాడికి దాని అవసరం సాధారణంగా రాదు. అతనికి మొదట చేసేది వివరమైన ఇంటర్వ్యూ, దానికి తోడు చిన్న ప్రశ్నావళులు.

డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి కాస్త తీవ్రం, 20 నుంచి తీవ్రం. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం మార్కులు నాలుగే వచ్చినా ఆ ప్రశ్నకి సున్నా కానిది ఏది పెట్టినా విడిగా, ఆ రోజే మాట్లాడాలి. ఆందోళనకి జీఏడీ-7, ఏడు ప్రశ్నలు, మొత్తం 21. బెక్ తయారుచేసిన డిప్రెషన్ ప్రశ్నావళిలో 21 అంశాలు, గరిష్ఠం 63. ఓసీడీకి, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, ఆపలేక పదేపదే చేసే పనుల జబ్బుకి, యేల్-బ్రౌన్ స్కేలు, గరిష్ఠం 40.

ఈ అంకెలు జబ్బు పేరు చెప్పవు. తండ్రి పోయిన నెలలో ఎవరికి పీహెచ్‌క్యూ ఇచ్చినా ఎక్కువే రావచ్చు. అంకె ఉపయోగం ఎక్కడంటే ఈ రోజు 13 ఉన్నది ఆరు వారాల తర్వాత 7కి దిగిందా లేదా అని చూసుకోవడంలో. రవికి జీఏడీలో 13, పీహెచ్‌క్యూలో 8 వచ్చాయనుకుందాం. ఇంటర్వ్యూతో కలిపి చూస్తే ఇది పానిక్ సమస్య, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం, దిగులు దాని వెనక వచ్చింది. అంటే పని మెట్రో భయం దగ్గర మొదలవ్వాలి.

పిల్లల పరీక్షలు వేరే లోకం, అక్కడ తల్లిదండ్రులు మోసపోయే అవకాశం ఎక్కువ. నాలుగో తరగతి పాప లెక్కలు బాగా చేస్తుంది, కథలు చక్కగా చెబుతుంది, పేరా చదవమంటే మాత్రం తడబడుతుంది అనుకోండి. ఆమెకు ముందు కంటిచూపు, వినికిడి చూపించాలి. తర్వాత తెలివితేటల పరీక్ష. బినే-కామత్, మాలిన్ స్కేలు, వెక్స్‌లర్ వంటివి మన దగ్గర వాడుతున్నారు. ఆపైన చదవడం, రాయడం, లెక్కల్లో లోపాలు పట్టుకోవడానికి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ రూపొందించిన పరీక్షల సెట్ లాంటిది. మాటలు, మెలగడం మీద అనుమానం ఉంటే ఆటిజం కోసం భారతీయ స్కేలు ఐశా ఉంది. 40 అంశాల ఆ స్కేలుని సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థే తయారుచేసింది. ఇప్పుడు ఆ సంస్థ పేరు నీపిడ్. అక్కడికి నేరుగా వెళ్ళి చూపించుకోవచ్చు.

పరీక్ష రోజున పాపని నిద్ర సరిపోయాక, టిఫిన్ తిన్నాక, కళ్ళజోడు ఉంటే పెట్టుకుని తీసుకెళ్ళండి. జ్వరంగా ఉంటే వాయిదా వెయ్యండి. రెండు మూడు గంటలు పట్టొచ్చు, రెండు రోజులకి విడగొట్టమని అడిగినా తప్పులేదు. ఇంట్లో తెలుగే మాట్లాడే పాపని ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించి "తెలివి తక్కువ" అంటే ఒప్పుకోకండి. నెట్‌లో ప్రశ్నలు వెతికి ప్రాక్టీసు చేయించకండి. ఎంసెట్ కాదిది. ముందే చూసిన ప్రశ్నలతో వచ్చే మార్కు దేనికీ పనికిరాదు. అదే పరీక్షని కొద్ది నెలల్లోనే మళ్ళీ చేయించకపోవడానికీ కారణం అదే.

ఐక్యూ సగటు 100. మూడింట రెండు వంతుల మంది 85, 115 మధ్యలోనే ఉంటారు. రిపోర్టులో 88 అని ఉంటే దాన్ని 83 నుంచి 93 మధ్య ఎక్కడో అని చదువుకోవాలి. అందుకే 88, 91 వచ్చిన అన్నదమ్ముల్ని పోల్చడం అర్థం లేని పని. ఇక వేలిముద్రలు తీసుకుని పుట్టుకతో వచ్చిన ప్రతిభ చెబుతామంటూ స్కూళ్ళ చుట్టూ తిరిగే పరీక్ష ఒకటుంది. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఆ డబ్బుతో పాపకి ఆరు నెలలు కథల పుస్తకాలు కొనిపెట్టొచ్చు.

రిపోర్టు చేతికిచ్చి పంపేస్తే ఊరుకోకండి. కూర్చోబెట్టి వివరించే సెషన్ అడగాలి. మూడు ప్రశ్నలు చాలు: "ఈ ఫలితం మా పాప రోజువారీ ఇబ్బందికి ఎలా సరిపోతుంది? ఇందులో ఏది ఇంకా ఖాయంగా తెలియదు? రేపటి నుంచి స్కూల్లో, ఇంట్లో ఏం మార్చాలి?" పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి సౌకర్యాలకి ప్రైవేటు రిపోర్టు సాధారణంగా చాలదు, ప్రభుత్వం గుర్తించిన వైద్యుల సర్టిఫికెట్ కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ చదువు ఇబ్బంది (లెర్నింగ్ డిజెబిలిటీ) కూడా ఉంది. వైకల్య సర్టిఫికెట్ కోసం మన ఊళ్ళల్లో సదరం అని పిలిచే ప్రక్రియ గురించి జిల్లా ఆసుపత్రిలో కనుక్కోండి.

నాలుగో మెట్టు: మొదటి సెషన్లు

సీబీటీ సెషన్ 45 నిమిషాల నుంచి గంట, వారానికి ఒకటి. ఆందోళన, డిప్రెషన్‌లకు చాలావరకు 12 నుంచి 20 సెషన్లు. మొదటి రెండు మూడు సెషన్లలో థెరపిస్ట్ మీ సమస్య ఎలా తిరుగుతోందో కాగితం మీద గీసి చూపించాలి. రవి కాగితం ఇలా ఉంటుంది: రైల్లో జనం ఒత్తిడి, గుండె కాస్త వేగం, "హార్ట్ ఎటాక్ వస్తోంది" అన్న ఆలోచన, దాంతో భయం, భయానికి శ్వాస వేగం. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరిని చూసి "అయిపోయింది, ఖాయం" అన్న నమ్మకం. దిగి పారిపోవడం, హమ్మయ్య. ఆ హమ్మయ్యే అసలు చిక్కు. పారిపోవడం వల్లే బతికానని మనసు నేర్చుకుంటుంది.

లక్ష్యం కూడా కొలవగలిగేలా ఉండాలి. "ప్రశాంతంగా ఉండాలి" కాదు, "మూడు నెలల్లో సాయంత్రం రద్దీలో ఒంటరిగా అమీర్‌పేట నుంచి మియాపూర్ వెళ్ళాలి". నాలుగైదు వారాలైనా గీత లేదు, లక్ష్యం లేదు, హోంవర్క్ లేదు, వచ్చి కబుర్లు చెప్పి వెళ్ళడమే అయితే అది సీబీటీ కాదు. ఆ మాట మర్యాదగానే అడగండి, జవాబు నచ్చకపోతే ఇంకొకరిని చూసుకోండి.

విదేశాల్లో ఉన్న పిల్లల కోసం ఒక ముక్క. అమెరికాలో ఉన్న అబ్బాయికి హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్ థెరపీ మాట్లాడేద్దామనుకునే తల్లిదండ్రులు చాలామంది. అక్కడ సాధారణంగా అబ్బాయి కూర్చున్న రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవాళ్ళే థెరపీ ఇవ్వాలి. తెలుగు వచ్చిన థెరపిస్ట్‌ని ఆ రాష్ట్రంలోనే వెతకడం మంచిది.

అయిదో మెట్టు: ఆలోచనల పట్టిక

వారంలో రెండు మూడు సార్లు, భయం వచ్చిన రోజే రాయాలి. రవి రాసినది యథాతథంగా ఇలా ఉందనుకోండి.

సందర్భం: సోమవారం సాయంత్రం ఆరున్నర, అమీర్‌పేట ప్లాట్‌ఫాం, మియాపూర్ రైలు కిక్కిరిసి వచ్చింది.
ఆలోచన: లోపలికెళ్తే గుండె ఆగి పడిపోతాను. నమ్మకం వందకి 90.
భావన: భయం, 85.
చేసింది: రైలు వదిలేసి కిందికి దిగి క్యాబ్ బుక్ చేశా. స్వాతికి ఫోన్.
ఈ ఆలోచన నిజమనడానికి ఆధారం: గుండె గట్టిగా కొట్టుకుంది. తల తిరిగింది.
కాదనడానికి ఆధారం: ఈసీజీ, ఎకో బాగున్నాయి. ఇలా చాలాసార్లు వచ్చింది, ఒక్కసారీ పడలేదు. లిఫ్టు పనిచెయ్యక నాలుగంతస్తులు ఎక్కినప్పుడూ గుండె ఇలాగే కొట్టుకుంది, అప్పుడు భయం వెయ్యలేదు.
కొత్తగా చూస్తే: గుండె వేగంగా కొట్టుకోవడం వేరు, ఆగిపోవడం వేరు. కాసేపు చాలా కష్టంగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. నమ్మకం 60.
భయం ఇప్పుడు: 55.

85 నుంచి 55. అంతే వచ్చిందని నిరాశపడేవాళ్ళుంటారు. రైలు ఎక్కడానికి 55 చాలు. ఇందులో "నాకేం కాదు, నేను సింహాన్ని" లాంటి వాక్యం ఎక్కడా లేదు గమనించండి. అలాంటివి నోటితో అనుకోవడానికే, మనసు నమ్మదు. ఆధారాలున్న మాటనే నమ్ముతుంది.

రాసేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఆలోచన గడిలో ప్రశ్న రాయడం. "పడిపోతే ఎలా?" అన్నదాన్ని పరీక్షించలేం. "పడిపోతాను" అని జవాబుగా మారిస్తే అప్పుడు నిజమా కాదా అని చూడొచ్చు.

ఆరో మెట్టు: భయం నిచ్చెన

పట్టిక మాత్రమే రాసి ఆగిపోతే సగం పనే. భయపడే చోటికి వెళ్ళాలి, కానీ ఒక్క దూకుగా కాదు. థెరపిస్ట్‌తో కూర్చుని ఒక్కో పనికి ఎంత భయమో సున్నా నుంచి వందకి వేసుకుని కింది నుంచి మొదలెట్టాలి.

20: స్వాతితో కలిసి అమీర్‌పేట ప్లాట్‌ఫాం మీద పావుగంట నిలబడటం, రైళ్ళు వదిలేస్తూ
40: ఆదివారం పొద్దున స్వాతితో ఒక్క స్టేషన్, ఎస్‌ఆర్ నగర్ దాకా
50: అదే ఒక్క స్టేషన్, ఒంటరిగా
60: మధ్యాహ్నం ఒంటరిగా ఎర్రగడ్డ దాకా, మూడు స్టేషన్లు
75: రద్దీ లేనప్పుడు మియాపూర్ దాకా
90: సాయంత్రం రద్దీలో మియాపూర్ దాకా, తలుపు దగ్గర కాకుండా కోచ్ మధ్యలో

బయల్దేరే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో ఒక్క వాక్యం రాయాలి. తిరిగొచ్చాక నిజంగా ఏం జరిగిందో దాని పక్కనే రాయాలి. భయం పతాక స్థాయిలో ఉన్నప్పుడు దిగిపోకూడదు. ఒక్కో మెట్టుని వారంలో చాలాసార్లు చెయ్యాలి, విసుగొచ్చేదాకా. విసుగు మంచి గుర్తు.

జేబులో మాత్రల స్ట్రిప్, చేతిలో నీళ్ళ బాటిల్, "ఏమైనా అయితే" అని ఫోన్‌లో సిద్ధంగా పెట్టుకున్న నంబరు, ఇవన్నీ భయానికి ఊతకర్రలు. "బాటిల్ ఉంది కాబట్టి బతికాను" అనుకుంటే నేర్చుకున్నది ఏమీ లేదు. ఒక్కొక్కటిగా ఇంట్లో వదిలి వెళ్ళాలి. డాక్టర్ రాసిన రోజువారీ మందుల్ని మాత్రం సొంతంగా ఆపకండి. మెట్రో ఎక్కే ముందు ఆందోళన తగ్గించే అల్ప్రాజోలం లాంటి మాత్ర వేసుకునే అలవాటుంటే అది డాక్టర్‌కి చెప్పి, ఏం చెయ్యాలో ఆయన్నే అడగండి.

ఏడో మెట్టు: ఇంట్లోవాళ్ళ పని

"వద్దు నాన్నా, క్యాబ్‌లోనే వెళ్ళు" అని రవి అమ్మ అంటుంది. ప్రేమతోనే అంటుంది. స్వాతి గంటకోసారి ఫోన్ చేసి "బాగానే ఉన్నారా?" అని అడుగుతుంది. రవి రాత్రి పది సార్లు "నాకేం కాదు కదా?" అంటే పది సార్లూ "ఏం కాదండీ" అంటుంది. ఈ సాయమంతా భయానికే అందుతోంది. పదకొండోసారి కూడా అడగాలనిపిస్తుంది.

అందుకే ఒకట్రెండు సెషన్లకి ఇంట్లోవాళ్ళు కూడా వెళ్ళాలి. అక్కడ అందరూ ఒప్పుకున్న వాక్యం ఒకటి సిద్ధం చేసుకోవాలి. "మీకు భయంగా ఉందని తెలుస్తోంది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పనని ఇద్దరం అనుకున్నాం కదండీ. రండి, కాసేపు నడిచొద్దాం." గొంతు మామూలుగా ఉండాలి. మొదటి వారం రవికి కోపం వస్తుంది. ముందే చెప్పి ఉంచితే ఆ కోపం గొడవ దాకా పోదు.

ఓసీడీ ఉన్న ఇళ్ళల్లో ఇది ఇంకా గట్టిగా చూడాలి. కోడలు చేతులు కడుగుతూనే ఉంటుంది, అత్తగారు "మడి, ఆచారం ఉన్న పిల్ల" అని మురిసిపోతుంది. మడికి మొదలూ చివరా ఉంటాయి. వంటో పూజో అయ్యాక విడిచేస్తారు. ఓసీడీలో కడుగుడికి చివర ఉండదు, చేతులు పగిలి రక్తం వచ్చినా ఆగదు. కొన్నాళ్ళకి ఇల్లంతా దాని రూల్స్ మీద నడుస్తుంది: భర్త గుమ్మం బయటే బట్టలు మార్చుకుంటాడు, పిల్లలు బడి నుంచి రాగానే స్నానం చెయ్యాలి, సబ్బులు డజన్ల లెక్కన వస్తాయి. థెరపీలో ఆమె చేతులు కడగకుండా ఆగడం నేర్చుకుంటుంటే, ఇంట్లోవాళ్ళు ఈ రూల్స్ నుంచి ఒక్కొక్కటిగా తప్పుకోవాలి. ఏ రూల్ ఏ వారం అన్నది ఆమెతో కలిసే నిర్ణయించాలి. కోపమొచ్చిన రోజున సబ్బులన్నీ దాచేస్తే అది వైద్యం అనిపించుకోదు.

ఇంటర్ పిల్లల విషయంలో "చదవలేక వేషాలు" అన్న మాట మానేస్తే థెరపిస్ట్ పని సగం తేలికవుతుంది. ఇంకొకటి, "పెళ్ళి చేస్తే సర్దుకుంటాడు" అన్న సలహా ఎవరిచ్చినా వినకండి. జబ్బు తగ్గదు, ఇంకో ఇంటి మనిషి అందులో ఇరుక్కుంటుంది.

చివరి మెట్టు: కొలత, ముగింపు

నాలుగు వారాలకోసారి అవే ప్రశ్నావళులు మళ్ళీ నింపాలి. ఆరేడు సెషన్లు, హోంవర్క్ సక్రమంగా చేసి కూడా అంకె కదలకపోతే థెరపిస్ట్‌తో కలిసి ప్లాన్ మార్చాలి, మందులు తోడు కావాలేమో సైకియాట్రిస్ట్‌ని అడగాలి. హోంవర్కే చెయ్యకపోతే మాత్రం ముందు అదెందుకు జరగడం లేదో మాట్లాడాలి. చాలాసార్లు ఎంచుకున్న మెట్టు మరీ ఎత్తుగా ఉంటుంది, దాన్ని రెండుగా విడగొడితే సరిపోతుంది.

చివరి రెండు మూడు సెషన్లు వారానికి కాకుండా పదిహేను రోజులకి, నెలకి జరుపుతారు. అప్పుడు ఒక పేజీ రాసి ఫ్రిజ్ మీదో అల్మారాలోనో పెట్టుకోవాలి: ఏం పనిచేసింది, మళ్ళీ వస్తే ముందు ఏం కనిపిస్తుంది, అప్పుడు ఏం చెయ్యాలి. రవి పేజీలో మొదటి హెచ్చరిక క్యాబ్ ఖర్చు మళ్ళీ పెరగడం. అలా రెండు వారాలు వరుసగా జరిగితే నిచ్చెనలో 50 దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి, నెల తిరిగేసరికి కదలిక లేకపోతే థెరపిస్ట్‌కి ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు కూడా అదే పేజీ కింద, స్వాతి చేతిరాతతో.